పాలు త్రాగని బిడ్డకు కాల్షియం అందించు విధము

గేదె ఈనిన రెండు మూడు దినములలో ఒక్కొక్కప్పుడు లేవలేక, మెడను ప్రక్కకు త్రిప్పుకొని పడిపోవును. చెవులు చల్లబడును. పశువైద్యుడు వచ్చి నరములోనికి కాల్షియం మందు ఎక్కించగా, చాలసార్లు కొద్దిసేపటికే లేచి నిలబడును. దీనిని పాలజ్వరమందురు. పేరునకు జ్వరమేగాని ఒడలు కాలదు. రక్తములోని కాల్షియం ఒక్కసారిగా పాలలోనికి పోవుటయే దీనికి కారణము. ఈ సంగతి ఎరుగని పాడిరైతు అరుదు. అందువలననే దాణాలో ఖనిజలవణ మిశ్రమము కలుపుచున్నారు.

ఆ గేదె పాలే గ్లాసులో పోసి ఇచ్చినపుడు, అదే ఇంటిలోని రెండేండ్ల బిడ్డ మూతి బిగించి తల ప్రక్కకు త్రిప్పుకొనును. కొందరు తల్లులు ఒడిలో పడుకోబెట్టి, కాళ్లుచేతులు అదిమిపట్టి, ఉగ్గుగిన్నెతో గొంతులో పోయుదురు. మరికొందరు “మావాడు పాలు ముట్టడండీ” అని ఊరుకొందురు. ఈ రెండు పద్ధతులును మంచివి కావు. మొదటిదానివలన పాలు ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు. రెండవదానివలన కలుగు నష్టము పైకి కనుపించదు. బిడ్డ గేదెవలె పడిపోడు. ఆహారములో కాల్షియం చాలనపుడు శరీరము తనకు కావలసినది ఎముకలనుండి తీసుకొని రక్తములో నింపుకొనును. ఒంటిలోని కాల్షియములో నూటికి 99 పాళ్లు ఎముకలలోను, పండ్లలోను ఉండును గనుక ఈ అప్పు చాలకాలము సాగును. ఎముక మెత్తబడి కాళ్లు వంగిననాడుగాని ఇంటివారికి తెలియదు.

ఎంత కావలెను?

ఏడాది నిండి మూడేండ్లు దాటని బిడ్డకు దినమునకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావలెనని భారత వైద్య పరిశోధనా మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినవి. 100 గ్రాముల పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు ఉండును. అనగా పాలతోనే లెక్క సరిపెట్టవలెనన్న ఇంచుమించు నాలుగు వందల మిల్లీలీటర్లు త్రాగింపవలెను. ఇంకను తల్లిపాలు త్రాగుచున్న బిడ్డకు ఆ పాలనుండియు కొంత చేరును. రెండేండ్ల వరకును, ఆ పైనను తల్లిపాలు ఇయ్యవచ్చును. బిడ్డ గేదెపాలు త్రాగుటలేదని చనుబాలు మాన్పించువారు కలరు. అది తలక్రిందుల పని.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. పాలు త్రాగని బిడ్డ కంటె, పాలు తప్ప మరేమియు తినని బిడ్డ గురించియే కొన్నిసార్లు ఎక్కువ దిగులు పడవలసియుండును. దినమునకు అరలీటరుకు మించి పాలు త్రాగు బిడ్డకు ఆకలి చచ్చి, అన్నము, పప్పు, ఆకుకూరలు తినక, రక్తము తగ్గును. పాలలో ఇనుము మిక్కిలి స్వల్పము. కావున మీ బిడ్డ పాలు వద్దన్నంత మాత్రమున కొంప మునిగినదని భయపడనవసరము లేదు. లెక్కను వేరు దారిని పూడ్చవలెను, అంతే.

పాలు వద్దనుటకు కారణములు చూడుడు

కొందరు బిడ్డలు రుచిని కాదు, మీగడను అసహ్యించుకొందురు. పెదవికి మీగడ తగిలిన వెంటనే ఉమ్మివేయుదురు. పాలను వడకట్టి ఇచ్చి చూడుడు. కొందరికి గేదెపాల వాసన గిట్టదు, ఆవుపాలు త్రాగుదురు. పొగచూరిన పాలు, మాడిన పాలు పెద్దలమైన మనమును త్రాగము. గోరువెచ్చగా ఇచ్చిన త్రాగనివాడు చల్లార్చి ఇచ్చిన త్రాగవచ్చును. ఉదయము లేవగానే టీ, బిస్కత్తు పెట్టిన బిడ్డకు ఆ తరువాత పాలమీద మనసు పోదు. ఈ వయస్సు పిల్లలకు టీ ఎంతమాత్రము ఇయ్యరాదు. అది కడుపు నింపును, ఆహారములోని ఇనుమును ఒంటబట్టనీయదు.

పాలు త్రాగిన తరువాత ఒంటిపై దద్దురులు, మూతివాపు, ఆయాసము, మాటిమాటికి వాంతులు, మలములో రక్తము కనబడినయెడల అది మారాము కాదు. బిడ్డకు పాలు పడవని అర్థము. అట్టి బిడ్డకు పెరుగు, మజ్జిగ కూడ ఇయ్యక వైద్యునికి చూపవలెను.

వెన్న పోయినను కాల్షియం పోదు

మన ఇండ్లలో ఉన్న సౌకర్యమేమన, పాలను పాలుగానే త్రాగవలెనన్న నియమము లేదు. తోడువేసిన పాలలోని కాల్షియం తగ్గదు. పాలు ముట్టని పిల్లలలో చాలమంది పెరుగన్నము తిందురు. మెత్తగా కలిపి, చిటికెడు ఉప్పు వేసి, వాని చేతికే ఇచ్చిన సగము నేలపాలు చేసినను సగము తినును. రెండు చిన్న గిన్నెల పెరుగు, అనగా 200 గ్రాములు, ఒక దినములో కడుపులోనికి పోయిన 240 మిల్లీగ్రాముల కాల్షియం చేరినట్లే. దాదాపు సగము పని అయినది.

పాడి ఉన్న ఇండ్లవారు మరొక సంగతి గమనింపవలెను. పాలు కేంద్రమునకు పోసి, మిగిలినవి తోడువేసి, చిలికి వెన్న తీసి, నెయ్యి కాచి బిడ్డకు ముద్దలో వేసి, “నెయ్యి పెట్టుచున్నాము గదా” అని తృప్తి పడుదురు. నేతిలో కాల్షియం లేదు. అది మజ్జిగలోనే నిలిచిపోవును. అంబలిలో కలుపుకొనుటకు, ఇరుగుపొరుగువారికి ఇచ్చుటకు ఉంచిన ఆ మజ్జిగలోనే బిడ్డ ఎముకలకు కావలసిన వస్తువు ఉన్నది. అయితే నీటిలెక్క మరువరాదు. ఒక పాలు పెరుగునకు మూడు పాళ్లు నీరు పోసిన మజ్జిగ, గ్లాసెడు త్రాగినను 60 మిల్లీగ్రాములు మాత్రమే దక్కును. దాహమునకు పలుచని మజ్జిగ ఇండు; ఆహారముగా ఇచ్చునపుడు చిక్కగా ఇండు.

పాలు విరిగినపుడు గాని, నిమ్మరసము పిండి విరుగగొట్టినపుడు గాని పైకి తేరిన నీటిని పారబోయకుడు. ఆ పులుపునకు కాల్షియములో చెప్పదగినంత భాగము నీటిలోనికి దిగును. ఆ నీటితో పప్పు ఉడికింపవచ్చును, చపాతీపిండి తడుపవచ్చును. అయితే నిలువ ఉండి చెడిపోయి విరిగిన పాలను, వాటి నీటిని బిడ్డలకు పెట్టరాదు. సేమ్యా పాయసము, మజ్జిగపులుసు, దద్దోజనము అన్నియు ఈ లెక్కలోనివే. పచ్చిపాలు మాత్రము ఎవరికిని పోయరాదు. పొంగువచ్చువరకు కాచియే తీరవలెను.

రాగులు

రాయలసీమలో రాగులని, తెలంగాణలో తైదలని, ఉత్తర కోస్తాలో చోళ్లని పిలుచు ఈ ధాన్యమును మించినది ఈ విషయమున మన పొలములలో మరొకటి లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియం కలదు. తెల్లబియ్యములో పది మిల్లీగ్రాములకు మించదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చి ఎందరి ఆకలినో తీర్చినది. దానిని తప్పుపట్ట వీలులేదు. కాని సంగటి ముద్ద, అంబలి ముంత వెనుకకుపోయి, మూడుపూటలు తెల్లన్నము చేరిన ఇంటిలో, పాలును లేని బిడ్డకు కాల్షియం వచ్చు దారి మూసికొనిపోయినది.

రాగులలో ఒక చిక్కు ఉన్నది. గింజలోని ఫైటిక్ ఆమ్లము కాల్షియమును పట్టియుంచి, పేగులకు అందనీయదు. గింజను మొలకెత్తించినను, పిండిని పులియబెట్టినను ఈ పట్టు సడలును. మన పెద్దలు రాగి అంబలిని రాత్రి కలిపి, పులిసిన తరువాత త్రాగుటలో మేలు ఉన్నది. బిడ్డలకు మాత్రము మొలకెత్తిన రాగిపిండి జావ శ్రేష్ఠము. దానిని చేయు విధము చెప్పెదము.

రాగులను రాళ్లు, మట్టిబెడ్డలు లేకుండ గాలించి, కడిగి, రాత్రి నానబోయుడు. తెల్లవారి నీరు వంచి, శుభ్రమైన గుడ్డలో మూటగట్టి వ్రేలాడదీయుడు. గుడ్డ ఆరిపోకుండ మధ్యమధ్య నీరు చిలకరింపవలెను. ఎండకాలమున ఒక దినమునకే మొలక కనబడును. చలికాలమున రెండు దినములు పట్టవచ్చును. మొలక గింజ పొడవునకు రాగానే మూట విప్పి పలుచగా ఆరబెట్టుడు. బూజు పట్టినను, పాచివాసన వచ్చినను ఆ మూటను పారవేయవలసినదే. బిడ్డ విషయమున పొదుపు చూపరాదు. గలగల ఎండిన తరువాత అరచేతులతో నలిపి మొలకలను రాల్చి చెరిగి, సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువరకు వేయించి, మరపట్టించుడు. గాలి దూరని డబ్బాలో పోసి, నెలలోపల వాడుకొనుడు.

పిండిని వస్త్రగాళితము పట్టకుడు. రాగులలోని కాల్షియములో పెద్దభాగము పైపొట్టులోనే యుండును. మెత్తదనము కొరకు గుడ్డలో జల్లించి పొట్టు పారవేసిన, దేనికొరకు ఇంత శ్రమపడితిమో అదే పోవును. మామూలు పిండిజల్లెడ చాలును.

జావ కాచునపుడు పిండిని ముందుగా చన్నీటిలో ఉండలు కట్టకుండ కలిపి, సన్నని సెగపై కలియబెట్టుచు కాచి, చివర బాగుగ ఉడుకనీయవలెను. మొలకెత్తిన గింజలోని పాచకద్రవ్యము పిండిపదార్థమును కరిగించును గనుక, ఎక్కువ పిండి వేసినను జావ జారుగానే యుండును. ఇది పెద్ద లాభము. రెండేండ్ల వాని పొట్ట వాని పిడికిలికంటె ఎంతో పెద్దది కాదు. పచ్చిపిండితో కాచిన జావ రెండు చెంచాలకే గట్టిపడిపోవును, నీరు పోసి పలుచన చేసిన పొట్ట నీటితో నిండును. మొలకపిండితో చిన్న గిన్నెడు జావలోనే 30 గ్రాముల పిండి ఇమిడి, 110 మిల్లీగ్రాముల కాల్షియం చేరును. బెల్లము కొద్దిగా వేయవచ్చును. మజ్జిగ, ఉప్పు వేసినది ఇష్టపడు పిల్లలును కలరు. రంగు నల్లగా ఉన్నదని మొదట వద్దందురు. దోసెపిండిలో పాతికవంతు రాగిపిండి కలిపి పులియబెట్టి చిన్న చిన్న దోసెలు పోసిన మారుమాట లేకుండ తిందురు.

బిడ్డకు దినమునకు 30 గ్రాముల చొప్పున ఏడాదికి 11 కిలోల రాగులు కావలెను. ఎకరమునకు పది క్వింటాళ్లు పండుననుకొన్నను సెంటునకు పది కిలోలు. అనగా మిరపతోట ప్రక్కనో, బోరుకాలువ వెంబడినో రెండు సెంట్ల నేల చాలును. సుమారు వంద దినముల పైరు. విజయనగరము వ్యవసాయ పరిశోధనా స్థానమునుండి వచ్చిన చంపావతి, భారతి, శ్రీచైతన్య వంటి రకములు మన రైతులకు తెలిసినవే. విత్తనశుద్ధి కొరకు మందు పట్టించిన గింజలు మిగిలినయెడల వాటిని ఇంటి రాగులలో కలుపరాదు. ఎంత కడిగినను అవి తిండికి పనికిరావు.

ఆకుకూరలు, నువ్వులు, చిరుచేపలు

ఆకుకూరలన్నియు ఒక్కటి కావు. పాలకూర పేరులో పాలు ఉన్నను, దాని కాల్షియం బిడ్డకు దక్కునది బహుతక్కువ. దానిలోని ఆక్సాలిక్ ఆమ్లము కాల్షియమును గట్టిగా పట్టుకొనును. తోటకూరలోను ఈ ఆమ్లము హెచ్చే. ఇతర పోషకముల కొరకు వాటిని వండుడు, కాల్షియం లెక్కలో మాత్రము నమ్ముకొనకుడు. మునగాకు, మెంతికూర నయము. మునగాకు 100 గ్రాములలో 300 మిల్లీగ్రాములకు పైగా ఉండును. పెరటిలో మునగచెట్టు లేని పల్లె లేదు. ఆషాఢమాసములో ఒక్కసారి వండి, మిగిలిన పదకొండు నెలలు కాయలకొరకే చెట్టును చూచుట విచిత్రము. ఈనెలు తీసిన లేతాకును గుప్పెడు కందిపప్పులో వేసి మెత్తగా ఉడికించి మెదిపిన బిడ్డ ఆకును ఏరి పారవేయలేడు. తమలపాకు తోటలున్న ఊళ్లలో అవిసెచెట్లు ఉండును. అవిసాకులో కాల్షియం మునగాకునకు రెండింతలకు పైమాటే. కాని చేదు, పసివారికి పప్పులో కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను.

నువ్వుల లెక్క పట్టికలో చూడ కన్నులు చెదరును, 100 గ్రాములలో 1,200 మిల్లీగ్రాములకు మించియున్నది. అయితే పొట్టులోని కాల్షియం చాలవరకు ఆక్సాలిక్ ఆమ్లముతో బంధింపబడియుండును. కాబట్టి నువ్వులను సాయముగా తలచుడు, ఆధారముగా కాదు. గింజగా మ్రింగినవి అట్లే బయటికి పోవును. దోరగా వేయించి దంచి, బెల్లముతో చిమ్మిలి చేసి, మెత్తగా చిదిపి పెట్టుడు. గట్టి నువ్వులుండలు, అచ్చులు ఈ వయస్సున గొంతుకు అడ్డుపడును.

కోస్తా పల్లెలలో దొరకు మెత్తళ్ల వంటి చిరుచేపలను ముల్లుతో సహా తిన్నపుడు కాల్షియం దండిగా దక్కును. ముల్లు తీసివేసిన కండలో అంత లేదు. ఎండుచేపలైనచో ఉప్పు పోవునట్లు కడిగి, ఆరబెట్టి, వేయించి, మెత్తని పొడి చేసి, జల్లించి చిటికెడు పప్పన్నములో కలుపవలెను. ముల్లు ముక్క ఒక్కటియు పొడిలో మిగులరాదు.

సున్నము పెట్టరాదు

కాల్షియమును మన ఊళ్లలో సున్నమనియే అందురు గనుక ఒక హెచ్చరిక అవసరము. తాంబూలపు సున్నమును బిడ్డ నీటిలోనో పాలలోనో కలుపుమని చెప్పువారి మాట వినకుడు. అది నోటిని, గొంతును కాల్చును. సున్నపుకాయగాని, సున్నపు పొట్లముగాని పిల్లలకు అందకుండ ఉంచుడు. నొక్కినపుడు చిట్లి కంటబడిన చూపే పోవచ్చును. అట్లు జరిగిన వెంటనే ధారగా నీటితో కడుగుచునే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పశువుల ఖనిజలవణ మిశ్రమము పశువులకే. “దీనిలోనిదియు కాల్షియమే గదా” అని బిడ్డకు చిటికెడు వేయుట మహాప్రమాదము.

ఎండ

తిన్న కాల్షియం ఒంటబట్టుటకు డి విటమిను కావలెను. అది ఎండ తగిలిన చర్మములో తయారగును. ప్రొద్దుపొడుపు వేళ లేతయెండ హాయిగా ఉండునేగాని, ఈ పనికి అంతగా అక్కరకు రాదు. మన నీడ మన పొడవుకంటె పొట్టిగా ఉన్నపుడు వచ్చు ఎండయే పనిచేయును. చేతులు, కాళ్లు కప్పకుండ, తలకు గుడ్డ కట్టి, కొంతసేపు వాకిట ఆడుకొననీయుడు. వైశాఖ, జ్యేష్ఠ మాసములలో పది నిమిషములు చాలును, వడదెబ్బ తెచ్చుకొనరాదు.

ఒక దినపు లెక్క

ఉదయము మొలకరాగుల జావ, 110 మిల్లీగ్రాములు. మధ్యాహ్నము మునగాకు పప్పు, ఆకు 20 గ్రాములనుకొన్న 60. అన్నముచివర గిన్నెడు పెరుగు, 120. సాయంకాలము రెండు చిన్న చెంచాల నువ్వులపొడితో చిమ్మిలి, మరొక 60. రాత్రి పెరుగన్నముతో మరల 120. గ్రుడ్డు, పప్పు, ఇతర తిండ్లనుండి ముప్పది. మొత్తము 500 అయినది. నువ్వులనుండి, ఆకునుండి వచ్చునది పూర్తిగా దక్కదు గనుక, వీలున్నపుడు పెరుగు మరి రెండు ముద్దలు పెంచుడు. అంగన్‌వాడీలో ఇచ్చు బాలామృతములో పాలపొడి కలదు. అది వచ్చిన ఇంటిలో బిడ్డకే పెట్టుడు. కుటుంబమంతయు ఉండలు చేసికొని తిన్న బిడ్డవంతు బిడ్డకు మిగులదు.

ఏ దినమునకు ఆ దినము లెక్క సరిపోవలెనని పట్టుపట్టకుడు. ఒకనాడు జావ త్రోసివేయును, మరునాడు రెండు గిన్నెలు త్రాగును. క్రొత్త రుచిని పిల్లలు మొదటిసారి ఉమ్మివేయుట సహజము. ఎనిమిది పదిసార్లు, దినము విడిచి దినము, ఒక్కొక్క చెంచా చూపగా చూపగా అలవడును. బలవంతము చేసిన ఆ తిండి పేరు చెప్పినచో ఏడ్చును.

ఫ్లోరైడు నీటి ఊళ్లలోనివారికి ఇది మరింత ముఖ్యము. నల్లగొండ వంటి ప్రాంతములలో పిల్లల మోకాళ్లు లోనికి వంగి, పాదములు ఎడమగుటను గూర్చి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో వ్రాసిరి. తిండిలో కాల్షియం చాలనిచోట ఫ్లోరైడు హాని హెచ్చును. చాలినంత ఉన్నచో పేగులలోనే ఫ్లోరైడును కొంత పట్టుకొని బయటికి పంపును. అట్టి ఊళ్లలో బిడ్డకు త్రాగుటకు, వంటకు కూడ శుద్ధిచేసిన నీరే వాడవలెను. జావ కాచు నీటిని బోరునుండి పట్టి, త్రాగు నీటిని మాత్రము శుద్ధి చేసిన ప్రయోజనము సగమే.

పదునెనిమిది నెలలు నిండినను నడక రానియెడల, మణికట్లు లావెక్కినయెడల, నిలబడినపుడు కాళ్లు విల్లువలె వంగి రోజురోజునకు హెచ్చుచున్నయెడల, లేక మూర్ఛ వచ్చినయెడల తిండిమార్పులతో కాలము గడుపక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. డాక్టరు కాల్షియం టానిక్కు వ్రాసినపుడు చెప్పిన కొలతకు మించి పోయకుడు. రక్తము పట్టుటకు ఇచ్చిన ఇనుము మందును దానితో కలిపి ఒకే వేళ ఇయ్యక, ఒకటి ఉదయము, మరొకటి సాయంకాలము ఇండు.